ములకలపల్లి నుంచి వెళ్ళిన సంతకం

మా ఆఫీసు కింది దుకాణంలో ఈ ఉదయం ఎండిన ఇప్పపువ్వు బస్తా విప్పారు. ఆ తియ్యని, కాస్త పులిసిన వాసన మెట్లెక్కి నా టేబుల్ దాకా వచ్చేసరికి ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు. ఖమ్మంలోని ఇదే ఆఫీసులో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడే నా బాస్. ఫోన్ యాప్‌లు రాయడం కాలేజీలో నేర్చుకున్నాను. అవి ఎవరి కోసమో ఆవిడ దగ్గర తెలుసుకున్నాను.

అప్పట్లో మేం అడవి పల్లెల నర్సుల కోసం ఒక యాప్ తయారుచేశాం. గర్భిణుల రక్తపరీక్ష ఫలితాలు అందులోంచి క్లౌడ్ సర్వర్‌కు, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రి డాక్టరుకు చేరాలి. ఫోను పంపే ప్రతి రిక్వెస్టుకూ ఒక రహస్య కీ, ఆ క్షణపు టైమూ కలిపి డిజిటల్ సంతకం పెట్టేవాళ్ళం. అది సరిపోతేనే సర్వర్ లోపలికి రానిస్తుంది. ఖమ్మంలో చక్కగా రానిచ్చింది. ములకలపల్లి దగ్గరి పల్లె నుంచి మాత్రం ప్రతిదాన్నీ తిప్పికొట్టింది. మాకీ పని అప్పగించిన సంస్థ మేనేజరు విసిగిపోయాడు. “ఆ సంతకం చెకింగ్ తీసెయ్యండి మేడమ్, జల్దీ అయితది. లేకుంటే యాప్ బంద్ చేస్తం,” అన్నాడు.

“తీసేస్తే ఎవడన్నా ఆ ఆడోళ్ళ వివరాలు చూస్తడు, మారుస్తడు. గట్ల చెయ్య,” అన్నారు మేడమ్, గొంతు పెంచకుండా. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరారు.

ఆరోగ్య ఉపకేంద్రం ముందు ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. లోపల బెంచీ మీద ఒక నిండు గర్భిణి. ఆమెకు రక్తం బాగా తక్కువుందని నర్సు కమల కంగారుపడుతోంది. డాక్టరు రిపోర్టు చూస్తేనే అంబులెన్సు బండి వస్తుంది. రిపోర్టేమో వెళ్ళడం లేదు. నేను లాప్‌టాప్ తెరిచాను. మేడమ్ కమల చేతిలోని ఫోను అందుకున్నారు.

“టైమ్ ఏంది, గిట్ల ఎనకున్నది?”

“అవ్ మేడమ్. ఊర్లల్ల తిరిగేటప్పుడు సిగ్నల్ ఉండది, ఈడికొస్తెనే అందుతది. చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగినప్పుడల్లా టైమ్ తప్పుతది. అందాజగ నేనే పెడ్త.”

అప్పుడర్థమైంది నాకు. పాత టైముతో వచ్చిన సంతకాన్ని ఎవరో దొంగిలించి మళ్ళీ పంపుతున్నారని సర్వర్ అనుమానిస్తోంది.

“ఫోన్ టైమ్ నమ్మకు. ముందుగాల సర్వర్‌నే టైమ్ అడుగు, దాంతోని సంతకం పెట్టు. ఈడనే కూసొని రాయి,” అన్నారు మేడమ్.

వరండాలో కూర్చుని రాశాను. ఆవిడ పక్కనే కూర్చుని ప్రతి వరుసా చదివారు. కొత్త యాప్ ఎక్కించాక కమల బటన్ నొక్కింది. తెర మీద పచ్చగుర్తు వెలిగింది.

“పోయింది మేడమ్,” అంది కమల, నెమ్మదిగా.

కాసేపటికే బండి పంపుతున్నామని డాక్టరు జవాబిచ్చారు. ఆ గర్భిణి ఎక్కిన బండి మలుపు తిరిగేదాకా మేం ముగ్గురం గుమ్మంలోనే నిలబడ్డాం. అప్పుడు మేడమ్ నా వీపు తట్టారు. ఆ తర్వాత ఎన్ని ప్రశంసలు విన్నా ఆ తట్టుకు సాటి రాలేదు. తల్లీబిడ్డల ఫోటో కమల పంపిన రోజున ఆఫీసంతా మిఠాయి పంచారావిడ. ఆ ఏడాదే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ మా యాప్ వెళ్ళింది, చెకింగ్ ఎక్కడా తీయకుండానే.

మేడమ్ రిటైరై ఇప్పుడు సత్తుపల్లిలో ఉంటున్నారు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. యాప్ పనిచేయడం లేదని ఎవరైనా వచ్చి చెబితే నా నోట ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: “ఆ ఫోన్ ఎవరి చేతిల ఉన్నది?” జవాబు పూర్తయ్యేలోపే లేచి చెప్పులు వేసుకుంటూ ఉంటాను.