ఏ పుస్తకంలోదో చెప్పండి

చావు వార్త ఆటను కనిపెట్టింది నేనే. ఎంత తెలివైనదాన్నో అని అప్పట్లో తెగ మురిసిపోయాను కూడా.

2020లో అందరం గడప దాటకుండా కూర్చున్న రోజులవి. షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగులోనూ చుట్టుపక్కల బిల్డింగుల్లోనూ ఉన్న తెలుగు ఆడవాళ్ళం ఓ పదిమందిమి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందరికీ నవలల పిచ్చి. కథానాయిక పుట్టినరోజంటూ కేకు కోసేవాళ్ళం. మూడో అధ్యాయంలో హీరో తిన్న పులుసు వండి ఫొటో పెట్టేవాళ్ళం. ఒకావిడ సినిమాలో విలన్ తల్లిలా ముస్తాబై వీడియో చేస్తే వాళ్ళాయన రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఇవన్నీ పాతబడ్డాక నేను చావు వార్త మొదలుపెట్టాను. నవలలోనో సినిమాలోనో పోయిన పాత్ర గురించి, పేరు చెప్పకుండా, పేపర్లో వేసినట్టు నాలుగు ముక్కలు రాయాలి. వయసెంత, ఎలా పోయింది, వెనక ఎవరున్నారు. చివర "ఏ పుస్తకంలోదో చెప్పండి" అని పెట్టాలి. మిగిలినవాళ్ళం పేర్లు చెబుతుంటే, సరైనది వచ్చేదాకా రాసినావిడ "కాదు", "కాదు" అంటూ ఉండాలి. టీవీలో అసలు చావుల లెక్కలు చూసి హడలిపోయి, ఈ ఉత్తుత్తి చావులకు పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మాలో ఒకామె మాత్రం షార్జాలో ఉండేది కాదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, అల్ ఐన్‌లో ఒక అరబ్బు ఇంట్లో వంట చేసేది. మా పక్క ఫ్లాటావిడది వాళ్ళ ఊరే కావడంతో గ్రూపులోకి వచ్చింది. ఆమెకు పుస్తకాలు అందే దారి లేదు. నేనే రోజూ ఇరవై పేజీలు ఫొటోలు తీసి పంపేదాన్ని. ప్రతి ఫొటోలోనూ ఓ మూల నా బొటనవేలు పడేది. "వదినగారండీ, మీ గోరింటాకు ఎంత వెలిసిందో సూసి ఎన్నో అధ్యాయమో సెప్పేత్తానండి" అనేది. మధ్యాహ్నం ఆ ఇంటివాళ్ళు నడుం వాల్చాక, మూడింటి నుంచి ఒక్క గంట ఫోను ఆమె చేతికొచ్చేది. చదవడమైనా రాయడమైనా ఆ గంటలోనే. అయినా చావు వార్తలు ఆమెలా మాలో ఎవరికీ చేతనయ్యేది కాదు. ఒక పాత్ర గురించి "ఎసట్లో బియ్యం పోసి పోయింది, ఎవరూ దించలేదు" అని రాస్తే గ్రూపంతా చప్పట్ల బొమ్మలే.

ఆమెకు ఊళ్ళో ఏడేళ్ళ కూతురుంది. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. పిల్లను పెంచుతున్నది ఆమె అక్క. ఆ అక్క ఉందన్న ధీమాతోనే దుబాయ్ విమానం ఎక్కానని చెప్పేది. 2021 రంజాన్ నెలలో ఆ అక్కకు కరోనా సోకి కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికే ఇండియా నుంచి ఇక్కడికి విమానాలు ఆపేశారు. వెళ్తే మళ్ళీ రావడానికి లేదు. వెళ్ళకపోతే అక్కను చూసుకునే దిక్కులేదు. ఈ సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది. "గ్రూపులో అనకండి వదినా, అందరూ జాలి పడిపోతారు. నాకున్నది ఆ గంటేనండి" అంది. తర్వాత మూడు రోజులకు, ఆక్సిజన్ తీసేశారని, అక్క ఇడ్లీ తిన్నదని మెసేజ్ పెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. అంతటితో మరిచిపోయాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గ్రూపులో ఆమె చావు వార్త వచ్చింది.

"ఆడమనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు. తల చిక్కుపడిందని, జడ వేయమని నర్సును అడిగింది. జడ సగంలో ఉండగా పోయింది. వెనక ఒక పిల్ల. ఆ పిల్ల తనది కాదు."

చివరి వాక్యం దగ్గరైనా నాకు తట్టి ఉండాలి. నేను రచనలో లోపాలు వెతికే పనిలో ఉన్నాను. "జడ సగంలో పోవడం మరీ సినిమా ఫక్కీగా ఉంది, నీ స్థాయి కాదు" అని రాశాను. అది చాలక, "ఆఖరి లైను మరిచిపోయావు, పరధ్యానం ఎక్కువైంది" అని వెక్కిరించి, ఆ లైను నేనే టైపు చేశాను. ఏ పుస్తకంలోదో చెప్పండి.

ఇక ఎగబడ్డారు. ఒకరు పాత సీరియల్ పేరు చెప్పారు. "కాదు" అంది. ఇంకొకరు డాక్టర్ల నవలన్నారు. "కాదు." సినిమా అన్నారు, దాని రెండో భాగమన్నారు. "కాదు." నేను రెండు పేర్లు చెప్పాను. రెంటికీ "కాదు" అనే వచ్చింది. తర్వాత ఎవరికీ ఏమీ తోచలేదు. ఓడిపోయాం, చెప్పెయ్ అన్నాం.

నాలుగు కావస్తుండగా జవాబు వచ్చింది. "ఏ పుస్తకమూ కాదండి. మా అక్క."

వెంటనే ఫోన్ చేశాను. స్విచాఫ్. ఆమె గంట అయిపోయింది, ఇఫ్తార్ వంట మొదలై ఉంటుంది. గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు. నేను అదీ పెట్టలేకపోయాను.

మర్నాడు మూడింటికి ఆమే చేసింది. నేను ఏడుస్తూ క్షమించమన్నాను. ఆమె ఏడవలేదు. "ఈ ఇంట్లో ఏడవటానికి సోటు లేదండి. రాద్దామని కూకుంటే, మీరు నేర్పిందే వచ్చిందండి సేతికి" అంది. పిల్లను ఎదురింటివాళ్ళు తీసుకెళ్ళారట. కఫీల్‌ను, అంటే ఆమెకు వీసా ఇప్పించిన ఆ ఇంటి యజమానిని అడిగితే, వెళ్తే వెళ్ళు, మళ్ళీ రావొద్దు అన్నాడట.

తప్పంతా నాదే అయినా, నా పాడు నోరు ఊరుకోలేదు. "మరి మొదటే చెప్పొచ్చు కదే! గంటసేపు కాదు కాదంటూ ఎలా కూర్చున్నావు?" అని కసిరాను.

అవతల గిన్నె మూత చప్పుడైంది.

"ఒక్కో పేరూ సదువుతుంటే, ఇదే అయితే బాగుణ్ణు అనుకున్నానండి. అవునని ఒప్పేసుకుందామనిపించింది కూడానండి. పుస్తకంలోదైపోతే, ఊళ్ళో మా అక్క ఉన్నట్టే కదండీ. మీ దగ్గర పేర్లు అయిపోయాయి. అప్పుడు సెప్పానండి."