నేను కత్తిరించిన ఆయ్

మొన్న రావులపాలెం బస్టాండులో అమలాపురం బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్కన అరటిగెలల వ్యాపారిలా కనబడుతున్న ఒక పెద్దమనిషి ఫోను గట్టిగా పెట్టుకుని ఏదో వీడియో చూస్తున్నాడు, అందులోంచి ఉన్నట్టుండి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఆయ్, మరీ లేత పనసాకులు పనికిరావండీ" అంటున్నారావిడ. అతను తనలో తానే నవ్వుకుని ఫోను నా వైపు తిప్పి, ఈ మామ్మగారు ఆయ్ అంటే మా ఇంటిల్లిపాదీ కూడా అంటామండీ అన్నాడు. ఊరుకోలేక, ఆవిడ మా అత్తగారేనని చెప్పేశాను. అతని మొహం వెలిగిపోయింది. "అయితే ఈ వీడియోలు తీసే అల్లుడుగారు మీరేనాండీ?" అని అడిగాడు.

ఆ వీడియోలు తీసేది నేను కాదు, మా తోడల్లుడు. నేనేం జవాబిచ్చానో చెప్పేముందు నా కడుపుమంట కాస్త మీరు వినాలి.

మన తరంలో తెలుగు బ్లాగులు రాసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒక టపా రాసి, దాని కింద ఎవరైనా వ్యాఖ్య పెట్టారా అని పూటకోసారి తెరిచి చూసుకునే రోజులవి. వీడియో మాట దేవుడెరుగు, ఒక ఫొటో ఎక్కించడమే గగనమైన ఆ కాలంలో, గొంతు రికార్డు చేసి బ్లాగులో పెట్టాలన్న ఆలోచన మా చుట్టుపక్కల మొదట వచ్చింది నాకే. కొత్తగా కొన్న మైకు పట్టుకుని మామిడికుదురు దగ్గర మా అత్తవారి ఊరు వెళ్లి, పాడ్‌కాస్ట్ చేద్దామండీ అంటే, మా అత్తగారు తలుపు చాటునుంచే కంగారుపడిపోయారు. "పాడాలాండీ? నాకు పాటలేం రావండీ అల్లుడుగారూ" అన్నారు. పాడక్కర్లేదు, పనసాకులు పుల్లలతో బుట్టలా కుట్టి అందులో పిండి పోసి పొట్టిక్కలు ఎలా వండుతారో చెబితే చాలని ఒప్పించాను. ఫ్యాను ఆపించాను, కోళ్లని గంప కింద పెట్టించాను, కొబ్బరికాయలు దింపేవాళ్లని ఆ పూటకి రావద్దని కబురంపించాను. పెద్దల్లుణ్ణి కదా, అన్నీ అడిగినట్టే జరిగాయి.

చిక్కల్లా ఆవిడ ఆయ్‌తోనే వచ్చింది. మా వైపు అవునండీ అనడానికి మర్యాదగా అనే మాట అది. ప్రతి మాటకీ ముందొక ఆయ్, వెనకొక ఆయ్, నేను తలాడిస్తే ఆయ్, ఆడించకపోయినా ఆయ్. ఎక్కడెక్కడి తెలుగువాళ్లో వింటారు, మరీ పల్లెటూరి వాలకంలా ఉంటుందేమోనని నాకు బెంగ. ఆయ్ అనకుండా చెప్పండీ అంటే, ఆయ్ అలాగేనండీ అనేవారు. ఇక లాభం లేదని, కంప్యూటరు ముందు కూర్చుని, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు ఒక్కొక్క ఆయ్‌నీ ఏరి పారేశాను, మధ్యలో ఆవిడ నవ్విన చోట్లు కూడా కోసేశాను. అమలాపురం నెట్ సెంటర్లో ఆ ఫైలు ఎక్కేసరికి మధ్యాహ్నమంతా పట్టింది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చింది. తీరా పెడితే, ఎప్పుడూ వచ్చే నలుగురైదుగురే బాగుందండీ అన్నారు. ఒకాయన మాత్రం వార్తలు చదివినట్టుందని రాశాడు, దాన్ని నేను మెప్పుగానే తీసుకుని చాన్నాళ్లు మురిసిపోయాను. మా అత్తగారికి వినిపిస్తే, ఈవిడెవరండీ అని అడిగారు.

మా తోడల్లుడికి ఇవేవీ పట్టవు. కొబ్బరి వ్యాపారం తప్ప ఇంకోటి ఎరగడు, బ్లాగుని ఇప్పటికీ బ్లాకు అంటాడు. అలాంటివాడు వంటింటి గుమ్మంలో నిలబడి, ఫోను పైకెత్తి, ఏదీ ఆపకుండా ఏదీ కొయ్యకుండా, కోడికూతతో గిన్నెల చప్పుడుతో సహా, అవే పొట్టిక్కలు ఆవిడ వండుతుంటే తీసి పెట్టాడు. జనం ఆవిడకి ఆయ్ మామ్మగారని పేరు పెట్టేశారు. ఇప్పుడావిడకి తలుపు చాటూ లేదు, మొహమాటమూ లేదు. "కాస్త తప్పుకోండి బాబూ, అడ్డంగా నిలబడిపోయేరు" అని అందరి ముందూ అతన్ని కసురుకుంటారు కూడా. నన్ను ఏనాడూ కసురుకోలేదు, ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది.

ఈమధ్య ఒక పెళ్లిలో ఓడలరేవు నుంచి వచ్చిన చుట్టాలంతా అతని చుట్టూ మూగి ఫొటోలు దిగుతుంటే, ఆవిడ గొంతు మొదట రికార్డు చేసింది నేనని ఉండబట్టలేక అనేశాను. అయితే వినిపించండీ అన్నారు. ఆ బ్లాగు ఎప్పుడో మూతబడింది, అసలు రికార్డింగు నేను దాచుకోలేదు, కత్తిరించి శుభ్రం చేసినది మాత్రం ఇంట్లో ఒక సీడీలో ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి పెట్టుకుని విన్నాను. నిజంగానే ఎవరో వార్తలావిడ పొట్టిక్కల గురించి చదువుతోంది. దాన్ని ఎవరికీ వినిపించలేదు.

ఆ రోజుల్లో మనం లోకానికి కనబడాలంటే ముందు మొహం కడుక్కుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, మాట కూడా దిద్దుకుని వచ్చేవాళ్లం. ఇప్పుడు లోకమే చెప్పులు విడిచి మన వంటింట్లోకి వచ్చేస్తోంది, ఎలా ఉన్నవాళ్లని అలాగే రమ్మంటోంది. మనకి తెలియలేదు, అంతే. తెలిసి ఉంటే ఆవిడ నవ్వు కూడా నా దగ్గరే ఉండేది.

బస్టాండులో ఆ పెద్దమనిషి నా జవాబు కోసం ఇంకా ఆశగా చూస్తూనే ఉన్నాడు. కాదండీ, అది మా తోడల్లుడండీ అని చెప్పడానికే నోరు తెరిచాను. ఇన్నేళ్లుగా నేను నా మాటల్లోకి రానివ్వని మాట, అడ్డూ ఆపూ లేకుండా, దానంతటదే వచ్చేసింది.

"ఆయ్" అన్నాను.