నల్లగా వచ్చిన శుభలేఖ

రాజమండ్రిలో గ్రాఫిక్ డిజైన్ సర్టిఫికెట్ కోర్సులో చేరేనాటికి పాపకు ఐదో నెల. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడింది. నా బీఏ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. కోర్సు అయ్యేదాకా పాపను చూస్తానని అత్తయ్య ఒప్పుకున్నారు, అంతవరకే. కంప్యూటర్ ముందు కూర్చుంటే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసేది. కొంగు నిండుగా కప్పుకుని మౌస్ కదిపేదాన్ని.

కోర్సు చివర్లో మా సార్ నాకొక అసలు పని ఇప్పించారు. మా క్లాసు కింద ఉన్న ప్రెస్సుకు వచ్చిన శుభలేఖ. పెళ్ళివారికి నచ్చితే నన్ను పనిలో పెట్టుకుంటానని ప్రెస్సాయన మాటిచ్చాడు. కుంకుమరంగు అక్షరాలు, పసుపు అంచు, పైన వినాయకుడు. తెర మీద ముచ్చటగా కుదిరింది. పెళ్ళికూతురి తండ్రి తణుకు నుంచి వచ్చేసరికి ప్రింటర్లో రంగు అయిపోయింది. తప్పులు చూసుకోవడానికే కదా అని సార్ నలుపులో తీసి ఆయన చేతికిచ్చారు.

ఆయన కాగితం బల్ల మీద పెట్టేసి చెయ్యి పంచెకు తుడుచుకున్నారు.

"శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే నల్లక్షరాలేంటండి?"

"ఇది ప్రూఫ్ అండి బాబాయిగారూ. ఇక్కడ చూడండి, ఎర్రగానే ఉంది," అని తెర ఆయన వైపు తిప్పాను.

"టీవీలో ఎలా ఉంటే ఏంటమ్మా? నా చేతికి మొదట వచ్చింది నల్లదే కదా." గొంతు తగ్గించారు. "ఒకసారి సంబంధం కుదిరి తప్పిపోయిన పిల్ల. నువ్వేం అనుకోకమ్మా."

ఆ మాట విన్నాక ఇంకేం వాదించను? రంగు తెప్పించి మళ్ళీ తీస్తానన్నాను. ఆయన సార్ వైపు తిరిగి, "ఇంకెవరి చేతనైనా చేయించండి," అని వెళ్ళిపోయారు.

సార్ ఆ పని నా పక్కనున్న అమ్మాయికి ఇచ్చారు. "బేరం పోతే ప్రెస్సాయన నన్నంటాడమ్మా. మెషిన్ ఖాళీ చెయ్యి, తర్వాతి బ్యాచ్ వచ్చేస్తుంది."

నాకు లేవబుద్ధి కాలేదు. ఉద్యోగం లేదని ఇంట్లో చెప్పాక అత్తయ్య మళ్ళీ పాపను ఎత్తుకోరు. నేను మళ్ళీ గడప దాటలేను.

"సార్, పెద్దకర్మ కార్డులు వస్తే నాకిప్పించండి. అవి నలుపులోనే వేస్తారు కదా."

"అలా అడుగుతారేంటమ్మా ఎవరైనా?" అని సార్ మొహం తిప్పుకున్నారు.

కిందికి దిగి ప్రెస్సాయనను కూడా అదే అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ప్రస్తుతానికి ఎవరూ పోలేదమ్మా," అన్నాడు.

మర్నాడు మళ్ళీ ప్రెస్సుకు వెళ్ళాను.