తెనాలిలో నాకోసం దాచిన గేర్‌బాక్సు

రొయ్యల చెరువులు వదిలేశాక కూడా నేను శనివారాలు తెనాలి వెళ్తూనే ఉన్నాను. బాపట్లలో ఒక కాలేజీలో జనరేటర్లు, నీళ్ళ మోటార్లు చూసుకునే ఉద్యోగం నాది. శనివారం మధ్యాహ్నానికే పని అయిపోతుంది. రైలెక్కి తెనాలిలో దిగి, ఏరియేటర్ల విడిభాగాలు అమ్మే కొట్టుకి నడిచేవాణ్ణి. ఏరియేటర్ అంటే రొయ్యల చెరువులో నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాల యంత్రం. అది ఆగితే రొయ్యకు ఊపిరాడదు.

రేపల్లె అవతల మా చిన్నాన్న, నేను కలిసి రెండు చెరువులు కౌలుకి చేశాం. మేత, మందులు ఆయన చూసుకునేవాడు. యంత్రాలు నేను. రొయ్యలకి తెల్లమచ్చ అనే అంటుజబ్బు వచ్చి ఒకదాని వెనక ఒకటి రెండూ పోయాయి. చిన్నాన్న ఏరియేటర్లు అమ్మేసి, ఇప్పుడు కాకుమాను వైపు వరికోత మిషను తిప్పుతున్నాడు. చెరువుల మాట ఎత్తడు.

రేపల్లెలో తాళ్ళు, వలలు అమ్మేవాళ్ళందరికీ మా సంగతి తెలుసు. గుమ్మంలో నిలబడితే చాలు, జాలి పడతారు. అందుకే అటు వెళ్ళడం మానేశాను. బాపట్ల హార్డ్‌వేర్ కొట్లలో కొన్నాళ్ళు తిరిగాను గాని, అక్కడున్నవన్నీ ఇళ్ళకి కావలసినవి: కుళాయిలు, గడియలు, రంగుడబ్బాలు. తెనాలి కొట్టాయనకి మాత్రం ఏమీ తెలియదు. "రా బాబూ, కూర్చో. రొయ్య ఎలా ఎదుగుతోంది?" అనేవాడు. "చూడాలండి" అనేవాణ్ణి. ఆ ఒక్క స్టూలు మీద కూర్చున్నంతసేపూ నేనింకా చెరువున్న మనిషిని. నిజం చెబితే ఆ స్టూలు కూడా పోతుందని నా భయం.

కొనాల్సి ఉన్నప్పుడు మనం వస్తువుని సరిగా చూడం. మనదానికి సరిపోతుందా లేదా, అంతే చూస్తాం. అవసరం తీరిపోయాక అన్నీ కనిపిస్తాయి: బేరింగు అంచున చెక్కిన నంబరు, ఆయిల్ సీలు మందం, ఏరియేటర్‌ని నీళ్ళమీద తేల్చే ప్లాస్టిక్ డబ్బాకి అచ్చు కలిసిన చోట సన్నటి గీత. బేరింగుని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. మా చెరువులు దీనివల్ల పోలేదు, దీనివల్లా పోలేదు అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెళ్ళేవాణ్ణి. యంత్రాలవల్ల ఆ జబ్బు రాదని నాకు మొదటినుంచీ తెలుసు. చేతులకి మాత్రం నమ్మకం కుదరలేదు.

ఆ కొట్లో ఒక పాతరకం గేర్‌బాక్సు ఉండేది. మా చెరువుల్లో వాడినదే. ఇప్పుడు తయారు కావడం లేదు. వెళ్ళినప్పుడల్లా దాన్ని ఒళ్ళోకి తీసుకుని షాఫ్టు తిప్పి చూసేవాణ్ణి. ఒక శనివారం అది అరలో లేదు. అమ్ముడైపోయిందనుకున్నాను. ఆ తర్వాత కొట్టాయన ఇచ్చిన టీ రుచించలేదు.

అప్పుడే ఎరువుల సంచిలో బరువేదో మోసుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది.

"అన్నయ్యా, ఇట్టాంటిది ఒకటి ఇప్పించండి. పిట్టలవానిపాలెం నుంచి వస్తన్నా. లోపల గేరు పళ్ళు రాలిపోయినయ్. చీకటి పడేలోపు బిగించకపోతే తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలుద్ది."

కొట్టాయన సంచి విప్పి చూశాడు. "ఈ రకం ఉన్నది ఒక్కటేనమ్మా. అది ఈ బాబుకోసం పక్కన పెట్టా."

బల్లకింద గోనెపట్టా తొలగించాడు. అక్కడుంది అది. తెలిసిన మనిషి ఒక వస్తువు చుట్టూ రెండు మూడుసార్లు తిరిగితే, అడక్కుండానే దాన్ని దాచిపెట్టడం ఆయన అలవాటట. చీటీ ఉండదు, అడ్వాన్సు ఉండదు.

"ఆవిడకి ఇచ్చేయండి. నాకు అవసరం లేదు," అన్నాను.

"అదేంటి బాబూ! వచ్చినప్పుడల్లా పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసేవాడివి గదా?"

"చెరువు లేదండి. వదిలేశాం."

ఆయన నవ్వు సగంలో ఆగింది. ఆవిడ నావైపు తిరిగింది. "ఏమొచ్చింది బాబూ?"

"తెల్లమచ్చండి."

గేర్‌బాక్సు మీదకి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మా వైపు జబ్బు తగిలిన చెరువువాళ్ళని పక్కవాళ్ళు గట్టు ఎక్కనివ్వరు. వాళ్ళ బకెట్టు తీసుకోరు. మేమూ అలాగే ఉండేవాళ్ళం.

"ఈ బాబు దీన్ని ముట్టుకున్నాడా అన్నయ్యా?"

"ముట్టుకోవడమేంటమ్మా, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు," అనేసి నాలుక కరుచుకున్నాడు కొట్టాయన.

"ఏమీ అనుకోకు బాబూ. మాకున్నది ఆ ఒక్క చెరువే."

"అనుకోనండి."

చెరువులు పోయిన ఇన్ని నెలల తర్వాత, పొడి లోహం మీద ఆ జబ్బు బతికుండదు. ఆ మాట చెప్పవచ్చు. కానీ ఆవిడ ముఖం చూస్తే, చెప్పినా చెయ్యి ముందుకు రాదని అర్థమైంది. వాదించుకుంటూ కూర్చుంటే పొద్దు వాలిపోతుంది. బ్లీచింగ్ పౌడరుందా అని అడిగాను. కొట్టాయన మగ్గులో కలిపి తెచ్చాడు. నేను గుడ్డ అందుకోబోయాను.

"నువ్వొద్దు బాబూ," అంది ఆవిడ, మెల్లగానే.

కాబట్టి నేను చెప్తుంటే ఆయన తుడిచాడు. షాఫ్టు రెండు చివర్లూ. పైమూత. ఎడమవైపు బోల్టు రంధ్రాలు, అక్కడ బొటనవేలు పెట్టేవాణ్ణి. అడుగున, ఒళ్ళో ఆనిన చోటు. "సీలులోకి నీళ్ళు పోనివ్వకండి. తర్వాత మంచినీళ్ళతో తుడవండి, లేకపోతే బ్లీచింగ్ అల్యూమినియాన్ని తినేస్తుంది," అన్నాను. నా వేళ్ళు ఎక్కడెక్కడ పడ్డాయో నాకు అంత బాగా గుర్తుందని అప్పుడే తెలిసింది.

ఆవిడ దాన్ని తను తెచ్చిన సంచిలో కాకుండా కొత్త గోనెలో కట్టించుకుంది. "నీ పుణ్యం బాబూ," అంది, గుమ్మం దాటాక.

మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళాను. స్టూలు అక్కడే ఉంది. "ఆవిడ దగ్గర్నుంచి కబురేమైనా వచ్చిందా అండి?" అని అడిగాను.

"మిషను బాగా తిరుగుతుంటే మనకెందుకు చెప్తారు బాబూ?" అన్నాడు.

నిజమే. కానీ ఆ చెరువుకి ఎప్పుడు ఏమైనా, నీళ్ళవల్ల గాని, చెరువులో వదిలిన రొయ్యపిల్లవల్ల గాని, పక్క చెరువునుంచి కాకులు మోసుకొచ్చిన దానివల్ల గాని, ఆవిడకి ముందు గుర్తొచ్చేది నా వేళ్ళే. ఆ అనుమానాన్ని ఏ గుడ్డతో తుడవాలో నాకు తెలియదు.

కొట్టాయన టీ ఇచ్చి, అరలోంచి ఒక బేరింగు తీసి బల్లమీద నావైపు జరిపాడు. "కొత్త సరుకు. తిప్పి చూడు."

"బాగుందండి," అన్నాను, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని.