నంబరు లేకుండా నడిచిన మా చెల్లెలు

దేశం తరఫున ఆటగాళ్లను ఒలింపిక్స్‌కు పంపే పెద్ద సంఘాన్ని నేనొక ప్రశ్న అడిగాను. ఇంతవరకూ జవాబు లేదు. దాని కింద ఉన్న రాష్ట్ర సంఘాన్నీ, ఆ కింద ఉన్న జిల్లా సంఘాన్నీ అడిగాను. ఒకాయన టీ ఇప్పించాడు. ఒకాయన కుర్చీ చూపించాడు. ఒకాయన నన్ను చూడగానే సెల్‌ఫోను చెవికి ఆనించుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ ఫోను మోగలేదని నాకు తెలుసు. మాకు సంగతి తెలీదని రేపు ఎవరూ అనకుండా మొదటినుంచీ రాస్తున్నాను.

మాది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న బాగేపల్లి తాలూకాలో గూళూరు పక్కన పల్లె. మా చెల్లెలు బాగేపల్లి కాలేజీలో చదివేది. పొద్దుటి బస్సు రాని రోజు గూళూరు దాకా నడిచి ఇంకో బస్సు పట్టుకునేది. ఒకరోజు కాలేజీ పి.టి. మాస్టరు అదే రోడ్డున స్కూటరు మీద వస్తూ ఆమె నడక చూశాడు. కాలేజీలో పిలిచి, రేస్ వాకింగ్ అని ఒక పోటీ ఉంది, నువ్వు దానికే పుట్టావమ్మా అన్నాడు. నడక పోటీ అన్నమాట. ఎప్పుడూ ఒక కాలు నేలకు ఆనే ఉండాలి. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. ఈ రెండూ పాటిస్తూ వేగంగా పోవాలంటే నడుము అటూ ఇటూ తిరగక తప్పదు. మా రోడ్డు మీద అలాంటి నడకను అంతకుముందు ఎవరూ చూడలేదు.

చేనిక్కాయల చేలో, అంటే వేరుశనగ చేలో, కలుపు తీసే ఆడవాళ్లు నిలబడి అరిచేవారు. “పరిగెత్తేదన్నా పరిగెత్తమ్మే, నడిచేదన్నా నడువు! రెండూ కాకుండా ఏందే అది?”

వాళ్లతో పరవాలేదు. అసలు తంటా బస్సులతో. ఆడపిల్ల చేతులు ఊపుకుంటూ అంత వేగంగా వస్తోందంటే బస్సు కోసమేనని మా డ్రైవర్ల నమ్మకం. ఆమెను చూడగానే ఆపేసేవారు.

“రామ్మా, బిరబిరా ఎక్కు!” అనేవాడు కండక్టరు.

“నేను బస్సుకు రాలేదన్నా. నడుస్తాండాను.”

“నడిచేదానికి ఇంత అర్జెంటు ఏంటికమ్మా?”

ఒకసారి లోపలినుంచి ఒక పెద్దాయన తల బయట పెట్టాడు. “ఇంట్లో కొట్లాడి పోతాండాదేమో, అడగప్పా!” అన్నాడు. వెనకాల టి.వి.ఎస్. మీద నేను వస్తున్నాను, కాలు నేల వదులుతోందేమోనని ఆమె మడమలు చూసుకుంటూ. “అదిగో, మొగుడు ఎనకనే వస్తాండాడు!” అన్నాడాయన. బస్సంతా నవ్వింది. ఆ పెద్దాయన నాగరగెరె వైపువాడని కనుక్కుని, మరుసటి ఏడు పెళ్లిలో కనిపిస్తే పక్కకు పిలిచి చెప్పాను, నేను అన్ననని.

ఆమె తాలూకా గెలిచింది, జిల్లా గెలిచింది, రాష్ట్ర పోటీలో మూడోదిగా వచ్చింది. మొదటి ఇద్దరినే దేశ పోటీలకు పంపుతారు. మరుసటి ఏడు ఆ ఇద్దరిలో ఒకరుగా ఉండాలని ఎండనక గాలనక నడిచింది. దేశ పోటీల్లో బాగా చేస్తే శిక్షణ శిబిరం, తిండి, బూట్లు, కోచ్, అన్నీ వాళ్లే చూస్తారు. ఇంకా పైకి పోతే పెద్ద సంఘం కోటు తొడిగి విమానం ఎక్కిస్తుంది.

ఈ సంఘాల ఏర్పాటు మా పాల డెయిరీ లాంటిదే. పల్లెలో పోస్తారు, అక్కడినుంచి తాలూకా, అక్కడినుంచి జిల్లా, అక్కడినుంచి బెంగళూరు. మధ్యలో ఒకచోట ఆగిందా, విరిగిపోతుంది.

2007లో కోలారు జిల్లాను రెండు చేసి మమ్మల్ని చిక్కబళ్లాపురం జిల్లాలో కలిపారు. బాణాసంచా కాల్చారు, మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. మా పల్లె పాలకు ఏమీ కాలేదు, ముందు రోజు ఎక్కడికి పోయాయో మరునాడూ అక్కడికే పోయాయి. మా చెల్లెలు మాత్రం ఆగిపోయింది.

పాత జిల్లా సంఘానికి వెళ్తే, “మీరిప్పుడు మావాళ్లు కాదు కదప్పా. మీ ఊళ్లోనే అడుక్కోపోండి” అన్నారు. నిన్నటిదాకా మా చెల్లెలి గెలుపులు తమ ఖాతాలో వేసుకున్నవాళ్లు అన్న మాట అది.

కొత్త జిల్లా సంఘం ప్రారంభానికి చిక్కబళ్లాపురం వెళ్లాను. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహ కార్యదర్శి అందరూ ఉన్నారు. వేదిక మీద కుర్చీలు చాలలేదు. ఆటగాళ్ల తరఫున వచ్చింది నేనొక్కణ్నే. నాకూ కుర్చీ లేదు. కార్యదర్శి మెడలో దండ తీయకుండానే, “మీ పాప పేరు పైకి పంపించినాము. నువ్వు నిశ్చింతగా ఉండప్పా” అన్నాడు. వాళ్ల సంఘానికే ఇంకా పైనుంచి గుర్తింపు రాలేదన్న సంగతి చెప్పలేదు. అది రాష్ట్ర పోటీల రోజు బెంగళూరు స్టేడియంలో తెలిసింది, మా చెల్లెలు బూట్లు వేసుకుని సిద్ధంగా నిలబడ్డాక.

“యావ జిల్లె?” అన్నాడు చెస్ట్ నంబర్లు ఇచ్చే ఆయన, ఏ జిల్లా అని.

“చిక్కబళ్లాపురం.”

అలాంటి జిల్లా తమ దగ్గర లేదన్నాడు కన్నడంలో. బస్సు బోర్డుల మీద ఉంది, కలెక్టరు ఉన్నాడు, ఆయన దగ్గర లేదు. పోనీ కోలారు అనుకోండి అన్నాను. కోలారువాళ్లు ఆమె తమ మనిషి కాదన్నారట. నేను గొంతు పెంచాను. చివరికి ఒక పెద్ద జడ్జి వచ్చి, అంత దూరంనుంచి వచ్చింది, గెస్టుగా నడవనివ్వండి అన్నాడు. గెస్టంటే నడవొచ్చు, అంతే. నంబరు ఉండదు, పతకం ఉండదు.

నేను పోదాం పద అన్నాను. ఆమె లేసు బిగించుకుంటూ, “నడుస్తాలే అన్నా. చూసేవాళ్లు చూస్తారు” అంది.

సగం దూరం దాటేసరికి ఆమె ముందుంది. వెనకున్న అమ్మాయికీ ఆమెకూ మధ్య ఒక లారీ పట్టేంత జాగా. కానీ ఎవరెన్ని చుట్లు తిరిగారో లెక్కపెట్టేవాళ్లు నంబర్లు చూసే పెడతారు. నంబరు లేని మనిషిని ఎవరూ లెక్కపెట్టలేదు. చివరి చుట్టుకు గంట కొట్టాలి. మా చెల్లెలు గీత దాటినప్పుడు కొట్టలేదు, వెనకమ్మాయి వచ్చినప్పుడు కొట్టారు. ఆ చుట్టు పూర్తిచేసి మా చెల్లెలే ముందు గీత దాటింది. అయిపోయిందని ఎవరూ చెయ్యెత్తలేదు. ఆమె ఆగలేదు.

“అయిపోయింది పాపా! ఆగు!” అని కంచె పట్టుకుని అరిచాను. ఆమె తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. వెనకమ్మాయి వచ్చింది, చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. మా చెల్లెలు ఒక్కతే ఇంకో చుట్టు నడిచింది. మోకాలు వంచలేదు, కాలు గాలిలో తేల్చలేదు. తిరిగి గీత దగ్గరికి వచ్చేసరికి గంట ఎత్తుకుపోతున్న మనిషి, “ఇంక చాలమ్మా, దారి వదులు” అన్నాడు.

తిరుగు బస్సులో అడిగాను. “నేను చెప్తే ఆగొచ్చు కదా?”

“నువ్వు చెప్తే అయిపోతుందా అన్నా? వాళ్లు చెయ్యెత్తాల కదా.”

ఇక నా ప్రశ్న. ఆ రోజు ముందు వచ్చింది ఎవరు? రాష్ట్ర సంఘంవాళ్లు, గెస్టుకు ఫలితం ఉండదన్నారు. ఫలితం లేకపోతే పోయింది, ముందూ వెనకా ఉంటాయి కదా అన్నాను. పైన అడగమన్నారు. పైవాళ్లు కింద అడగమన్నారు. మధ్యలో కొత్త జిల్లాకు గుర్తింపు వచ్చింది, కార్యదర్శి మారాడు. కొత్తాయన, “అది మా కాలంలో జరగలేదప్పా” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు బజ్జీ తింటున్నాడు. నాకు పెట్టలేదు.

తర్వాత ఒక ఏడు చిక్కబళ్లాపురంలో ఒలింపిక్ దినోత్సవ పరుగు పెట్టారు. బెంగళూరునుంచి వచ్చిన పెద్దాయన మైకులో, ప్రతి పల్లెలో ఆటగాళ్లను వెతుకుతున్నాం, మీ పిల్లలను ట్రాక్ మీదికి పంపండి చాలు, మేం చూసుకుంటాం అన్నాడు.

నేను లేచాను. “పంపినాము సార్. మీరే చూడలేదు.”

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు. నిర్వాహకుల్లో ఒకడు వచ్చి నా చేతిలో టీషర్టు పెట్టి, “ఇది తీసుకోని కూర్చోప్పా” అన్నాడు. నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేంత టీషర్టు. ఇప్పటికీ టి.వి.ఎస్. తుడవడానికి వాడుతున్నాను.

మా చెల్లెలిని చింతామణిలో వ్యాపారస్తులకు ఇచ్చాం. అంగడి చూసుకుంటుంది. నేను ఈ మాట ఎత్తితే, “వాళ్లకు వేరే పనే లేదా అన్నా, వదిలెయ్యి” అని నన్నే ఎగతాళి చేస్తుంది. మొన్న వెళ్లినప్పుడు బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చింది. నేను వెనకబడ్డాను, ఆమె నిలబడి నవ్వింది. బస్సెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చింది.

“అన్నా, వాళ్లేమన్నా చెప్పిరా?”

“ఎవరు?”

“అదే, స్టేడియమోళ్లు. ఊరికే అడిగినాలే.”

బస్సు కదిలింది.

ఊరికే అడగలేదని నాకు తెలుసు. ఆ రోజు గీత దగ్గర కూర్చున్న ఒకాయన ఇప్పుడు పెద్ద సంఘంలోనే ఉన్నాడు. ఆయనకు కళ్లున్నాయి. పతకం అడగడం లేదు, శాలువా అడగడం లేదు, టీ కూడా వద్దు. నంబరు లేని ఆ అమ్మాయి ముందు వచ్చిందా, రాలేదా? ఎవరో ఒకరు చెప్పండి. చింతామణికి వెళ్లి ఆమెతో చెప్పాల్సింది నేను.