తుంగభద్రలో కలిసిన నా పాఠం

నిజాం కాలంలో హైదరాబాదులో డాక్టరీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పరీక్షల ముందు, కాలేజీలో సంతకం పెట్టి తెచ్చుకున్న మనిషి ఎముకల సంచీతో తుంగభద్ర ఒడ్డున ఉన్న మా ఊరు రాజోలికి వచ్చాను. మర్నాడు పొద్దున లేచేసరికి ఖాళీ సంచీ దండెం మీద ఆరుతోంది.

"ఎముకలేవమ్మా?"

"తుంగభద్రల కలిపొచ్చిన. ఎవరి బిడ్డనో ఏమో, గట్ల సంచిల పెట్టుకొని తిరుగుతరా?"

నాకు ఒళ్లు మండిపోయింది.

"పై వారమే పరీక్ష. కాలేజీల ఏమని చెప్పాలె?"

"పరీక్ష మల్లొస్తది. ఏటికాడ మంత్రం చదివే అయ్యగారు సచ్చినాయన పేరడిగితే చెప్పనీకి రాలే. ఆయన పేరేంది బిడ్డా?"

కోపంగా నోరు తెరిచాను. ఆ ఎముకల మీది ప్రతి గుంటకూ, ప్రతి గట్టుకూ పేరు నాకు కంఠస్థం. ఆ మనిషికీ ఒక పేరుండేదని మాత్రం అప్పటిదాకా తోచనేలేదు.