సున్నం కింద గుర్తులు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి, చెబుతాను. డెబ్బైల నాటి మాట ఇది. ఆదోనిలో మా అత్తగారింట్లో జొన్నల గాదె పక్కనున్న గోడే మాకు సాక్షి. జొన్నలు తీయాలంటే ముందు వేలు ఎర్రమన్ను నీళ్లలో ముంచి గోడకు చేటకొక గుర్తు పెట్టాలి, ఆ తర్వాతే చేట నింపాలి. పొరపాటున గుర్తు పెడితే చెరపకూడదు, పక్కన బొగ్గు గీత గీయాలి. అత్తకు మోకాళ్ల నొప్పులు, కూర్చునే పెట్టేది. అందుకని ఆమె బొటనవేలి గుర్తులు అడుగున ఉండేవి. నావి పైన, నా తోడికోడలు చిన్నామెవి నడుమ.

ఒక ఏడు ఉగాదికి, గుర్తులు ఒకసారి సరిచూసుకోకుండానే అత్త గోడలకు సున్నం వేయించింది. పండగ అయ్యాక చూస్తే గాదెలో జొన్నలు బాగా తరిగిపోయి ఉన్నాయి. అందరి చూపూ చిన్నామె మీదికే పోయింది. పండగ ముందు ఆమె పెద్దకడుబూరులో పుట్టింటికి మూటతో వెళ్లి వచ్చింది మరి. మూటలో చీరలే అంది. ఎవరు విప్పి చూశారు? ఆమె రొట్టెలు తడుతుంటే అత్త కళ్లు పిండి మీద, నా కళ్లు ఆమె చేతుల మీద.

చివరికి అత్త నా మరిదిని, అంటే చిన్నామె భర్తను, పిలిచింది. "పొద్దున బస్సుకు దాన్ని వాళ్లమ్మ కాడ దింపి రాప్పా. నేను పిలిచేదాకా ఆడే ఉండనీ."

అట్లా దింపి మళ్లీ పిలవని ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

ఆ సాయంత్రం నేను బిందె దించుతుంటే నీళ్లు గోడ మీద చిందాయి. వేసింది ఒక్క పూతే, తడిసిన చోట సున్నం లోంచి ఎరుపు తేలింది. చిన్నామెను పిలిచాను. ఆమె చెంబుతో గోడంతా తడిపింది. అత్త కూడా వచ్చి నిలబడింది.

పైన నావి, నడుమ చిన్నామెవి, రోజువారీ రొట్టెలకు తగినన్నే. అడుగున మాత్రం బొటనవేలి గుర్తులు మూల దాకా పోయాయి.

"అత్తా, ఇవి ఎవురివి?" అంది చిన్నామె.

అత్త వంగి ఒక గుర్తు మీద తన బొటనవేలు ఆనించి చూసింది. "ఎమ్మిగనూరు నుంచి మీ ఆడబిడ్డ వచ్చినాది గదమ్మా, మగ్గం నిలిచిపోయిందని. దానికి పోసినా. గుర్తు పెట్టినా, మర్సిపోయినా."

"పెట్టిన గుర్తు మర్సిపోతివి, నా మూట మాత్రం మర్సిపోకపోతివి."

గోడ ఆరి మళ్లీ తెల్లబడింది. పొద్దున ఎవరూ బస్సెక్కలేదు. ఆ తర్వాత గాదె పక్క గోడకు సున్నం వేయడానికి చిన్నామె ఎప్పుడూ ఒప్పుకోలేదు. అత్త నిజంగానే మరిచిపోయిందా, మరుగున పడాలనే సున్నం వేయించిందా, నాకు ఇప్పటికీ అనుమానమే.

మీ ఇంట గింజ తరగకూడదు, మీ కోడళ్ల మూటల మీద ఎవరి కన్నూ పడకూడదు. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.